దీపం పెట్టాక వచ్చిన బండి

ఆకాశాన్నీ భూమినీ కలగజేసి, ఏడో దినాన తాను విశ్రమించి, ఆ విశ్రాంతిలో కృష్ణ ఒడ్డున కూలి చేసుకునే మావంటి వారికి కూడా భాగమిచ్చిన ఇశ్రాయేలు దేవునికి ముందుగా స్తోత్రం. ఇంతవరకు నన్ను నడిపించినవాడు ఆయనే గనుక, ఆయనను తలచుకోకుండా నా చిన్ననాటి సంగతి ఏదీ నేను మొదలుపెట్టలేను.

మొన్న ఒక ఆదివారం సాయంత్రం బాపట్ల నుంచి భార్యాభర్తలిద్దరు తెనాలిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. భార్య నాకు వరసకు మేనకోడలు, భర్త బ్యాంకులో పని చేస్తాడు. వాళ్ల అమ్మాయి ఏడో తరగతి పూర్తి చేసింది. వచ్చే ఏడు ఆ పిల్లను బొంబాయిలో నేను చదువుకున్నటువంటి యూదుల హైస్కూల్లో వేయాలని వాళ్ల కోరిక. ఆవిడ భర్త కూర్చోగానే ఫోను తీసి, దరఖాస్తు మొత్తం వేలితో పైకీ కిందికీ జరిపి చూపించి, "అన్నీ నింపేశామండి అత్తయ్యగారూ, ఇంక మేం తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉంటే చెప్పండి" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఒక్కసారిగా తెనాలి స్టేషను ప్లాట్‌ఫారం మీదికి తీసుకుపోయింది. వాళ్లు బస్సుకు లేచేదాకా చెబుతూనే ఉన్నాను, అయినా సగమే చెప్పగలిగాను. మిగతా సగం నా వయసు వాళ్లకు బాగా అర్థమవుతుందనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మా సంగతి తెలియని వారికోసం కాస్త చెప్పాలి. రేపల్లె, తెనాలి, బాపట్ల చుట్టుపట్ల పల్లెల్లో శనివారాన్ని విశ్రాంతిదినంగా ఆచరించే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. మా తాతలు లూథరన్ మిషనులో బాప్తిస్మం పొందినవాళ్లు, ఆ మిషను బడుల్లోనే అక్షరాలు నేర్చుకున్నవాళ్లు. మా పెదనాన్న అదే బడిలో పంతులుగా పనిచేస్తూ, ధర్మశాస్త్రాన్నీ ప్రవక్తలనూ చదివి చదివి, మన పెద్దల అలవాట్లు చూస్తుంటే మనం చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల వాళ్లమేనని తేల్చాడు. ఆయన మాట నమ్మిన నాలుగు కుటుంబాలు ఆదివారం గుడి మానుకుని, పెనుమూడి దగ్గర తాటాకు కప్పుతో ఒక సమాజమందిరం వేసుకున్నాయి. మిగతా బంధువులంతా లూథరన్లుగానే ఉండిపోయారు, పండుగలకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఏనాడూ మానలేదు.

విశ్వాసానికి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది మా అమ్మ అని నేను సరదాకి అంటుంటాను, ఎందుకంటే రేపల్లె ప్రాంతంలో పుట్టి రొయ్యలు మానుకోవడం మాటలు కాదు. రెక్కలూ పొలుసులూ లేనిది తినకూడదని పెదనాన్న చెప్పిన రోజు నుంచీ మా ఇంట్లో రొయ్య లేదు, పీత లేదు, జెల్ల లేదు. చేపలమ్మే ఆవిడ వారం వారం మా గుమ్మంలో గంప దించి, "ఏంటొదినా, పాపం రొయ్యేం తప్పు చేసిందంట?" అని అమ్మను ఉడికించేది. అమ్మ నవ్వి పొలుసులున్న బొచ్చెచేప ముక్కలు తీసుకునేది గానీ, గంపలో ఆ పచ్చి రొయ్యల వైపు ఆవిడ చూసే చూపు నాకింకా గుర్తుంది.

ఆ రోజుల్లో మాకు విశ్వాసం ఉండేది గానీ విద్య లేదు. హెబ్రీ అక్షరం ఒక్కటి చదవగలిగిన మనిషి మా మందిరంలో లేడు. ఉన్న తెలుగు బైబిలే చదువుకుని, కీర్తనలను చర్చి రాగాల్లోనే పాడుకునేవాళ్లం. తరువాతి తరంలో ఒక్కరికైనా సరిగా నేర్పించాలని పెదనాన్న బొంబాయికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చివరికి అక్కడి యూదుల హైస్కూలు నుంచి జవాబు సంపాదించాడు. బయటి ఊరి పిల్లల కోసం హాస్టల్లో ఒక్క చోటు ఖాళీ ఉందనీ, ఫలానా ఆదివారం ఉదయం పిల్లను, పెద్దలను చూసి నిర్ణయిస్తామనీ దాని సారాంశం. మా నాలుగు కుటుంబాల్లో ఇంగ్లీషు నాలుగు ముక్కలు మాట్లాడగలిగిన పిల్లను నేనొక్కదాన్నే. అందువల్ల ఆ చోటు నాకు దొరకడమంటే మా మందిరం మొత్తానికి దొరకడమే.

ఆదివారం బడి ఏమిటని మా ఊళ్లో అందరూ ఆశ్చర్యపోయారు. ఇలాంటి బడికి పిల్లను పంపే తల్లిదండ్రులు మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదే. అక్కడ శుక్రవారం మధ్యాహ్నానికి బడి మూసేస్తారు, ఆదివారం తెరుస్తారు. మన క్యాలెండరు చూసుకుని ప్రయాణం పెట్టుకోకూడదు, వాళ్ల పండుగలు చూసుకుని పెట్టుకోవాలి. నాన్న ఆ లెక్కంతా వేసుకునే, విశ్రాంతిదినానికి ముందే బొంబాయిలో దిగేలా, బుధవారం సాయంత్రం తెనాలిలో సికింద్రాబాదు బండి ఎక్కేట్టు ఏర్పాటు చేశాడు. అమ్మ నాన్ననూ నన్నూ బండెక్కించి రేపల్లె పాసింజరులో వెనక్కి వెళ్లిపోవాలి.

మేము వేసుకున్న లెక్క వాయుగుండానికి తెలియదు. మేం తెనాలిలో దిగేటప్పటికే కుండపోతగా వాన. పై లైను ఎక్కడో తెగిపోయి బళ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇంకాసేపట్లో వస్తుందనే మాట మీద బుధవారం గడిచిపోయింది, గురువారమూ గడిచిపోయింది. అమ్మ ఇంటికి పోలేక మాతోనే ఉండిపోయింది. ప్లాట్‌ఫారం మీద చిక్కుకున్న జనమంతా ఒక కుటుంబం లాగా అయిపోయాం. అందులో కూతురి పురిటికని సికింద్రాబాదు బయల్దేరిన ఒక లూథరన్ పెద్దావిడ మా పులిహోర తిని, తన జంతికలు మాకు పెట్టి, నాకు పెద్దమ్మ వరస కలిపేసుకుంది. మా ప్రయాణం ఎందుకో, ఆదివారం ఉదయానికి అక్కడ లేకపోతే ఏమవుతుందో అమ్మ నోటే విని, ఆవిడ మాకంటే ఎక్కువ ఆత్రపడిపోయేది.

శుక్రవారం సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. మా మందిరంలో ఒక ఆచారం ఉండేది. ఇంటి ఇల్లాలు దీపం వెలిగించి, కళ్లు మూసుకుని దీవెన చెప్పి చేతులు దించిన క్షణం నుంచీ ఆ ఇంటి మొత్తానికీ విశ్రాంతిదినం మొదలైనట్టే. పొద్దు ఇంకా ఉన్నా సరే, ఆ తరువాత ఎవరూ పని ముట్టుకోరు, బరువెత్తరు, బండెక్కరు. ఇంట్లో లేకపోయినా అమ్మ ఆ వేళ తప్పనివ్వలేదు. పకోడీలు వేసే అతన్నడిగి కాస్త నూనె తెచ్చి, క్యారియరు మూతలు రెండిట్లో పోసి, చీర చెంగు అంచు చింపి ఒత్తులు చేసి, మా ట్రంకుపెట్టె చాటున గాలి తగలకుండా వెలిగించింది. నీళ్ల ట్యాంకు పైన సూర్యుడు ఇంకా ఎర్రగా కనబడుతూనే ఉన్నాడు. అమ్మ కళ్ల మీంచి చేతులు తీసింది. సరిగ్గా అప్పుడు స్టేషన్లో గంట కొట్టారు.

బండి వచ్చి ఆగగానే జనమంతా ఒక్కసారిగా తలుపుల మీద పడ్డారు. పెద్దమ్మ అందరికంటే ముందు ఎక్కి, మాకోసం చోటు పట్టి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాచింది.

"ఏంటయ్యా చూస్తున్నావ్, ఎక్కు! ఆ పెట్టె ఇటియ్యి!"

నాన్న కదల్లేదు. "దీపం పెట్టేసిందమ్మా. మాకు విశ్రాంతిదినం వచ్చేసింది."

"వస్తే రానియ్యవయ్యా, దాన్ని కూడా ఎక్కించుకో! ఇక్కడ బోల్డంత చోటుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఇదెక్కితే ఆదివారం పొద్దుటికి బొంబాయిలో ఉంటారు. లేకపోతే ఆ సీటు ఇంకోళ్లకిచ్చేస్తారని మీ ఆవిడేగా చెప్పింది! పోనీ ఆ దీపాలు ఆర్పెయ్యవమ్మాయ్, బండెక్కాక నేనే వెలిగించి పెడతా."

కొత్తవాళ్ల ముందు గట్టిగా నోరు విప్పని మా అమ్మ, తలెత్తి, "కోప్పడకు అక్కా, ఆర్పను" అంది.

అప్పుడు నాన్న నా వైపు తిరిగి, "ఏమ్మా?" అని మాత్రం అడిగాడు. నాకు ఎక్కాలని ఉంది. రెండు రోజులుగా ఆ బండి కోసమే కళ్లు కాయలు కాచేలా చూశాను. కానీ నాన్న అడిగిన తీరులో, నేను ఎక్కుదామంటే ఎక్కుతాడని నాకు తెలిసిపోయింది. ఆ ఒక్క మాట ఆయన ఎంత బరువుతో నా చేతిలో పెట్టాడో కూడా తెలిసింది. "అమ్మ దీపం పెట్టింది కదా నాన్నా" అన్నాను. బండి కదిలింది. పెద్దమ్మ మిగిలిన జంతికల పొట్లం కిటికీలోంచి నా ఒళ్లోకి విసిరి, "ఎక్కడ దొరికార్రా మీరు, పంతానికి పుట్టినోళ్లు!" అని కేకలేస్తూనే కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ శనివారం మాకు ప్లాట్‌ఫారమే మందిరమైంది. నడిచి పోగలిగినంత దూరంలో తెలిసిన ఇల్లు లేదు, ఉన్నా పెట్టె ఎత్తకూడదు. అందుకని పెట్టె ఎక్కడ ఉంటే మేమూ అక్కడే కూర్చున్నాం. నాన్న తనకు నోటికి వచ్చిన కీర్తనలన్నీ వరసగా చదువుతుంటే నేనూ అమ్మా పలికాం. మధ్యాహ్నం ఒక పోర్టరు సామాన్ల బండి తోసుకుంటూ వచ్చి, పెట్టె కాస్త జరపమన్నాడు.

"ఇవాళ ఎత్తకూడదు తమ్ముడూ," అన్నాడు నాన్న.

"ఏం బాబాయ్, నడుం పట్టేసిందా?"

"లేదు. శనివారం."

పోర్టరు తలగుడ్డ తీసి నుదురు తుడుచుకుని, "శనివారం వెంకన్నబాబుకి మనుషులు ఉపవాసం ఉండటం చూశానండి గానీ, పెట్టె ఉపవాసం ఉండటం ఇదే చూడ్డం" అని, తనే పెట్టెను పక్కకు లాగి, బండి దాటించుకుని, మళ్లీ ఉన్నచోటే పెట్టి పోయాడు. అమ్మ ఆ మూడు రోజుల్లో మొదటిసారిగా పగలబడి నవ్వింది.

నక్షత్రాలు కనిపించి విశ్రాంతిదినం ముగిశాక లేచాం. అమ్మ రేపల్లె వైపు, మేము సికింద్రాబాదు వైపు. సోమవారం పొద్దున బొంబాయిలో బడి గుమ్మం ముందు నిలబడ్డాం. నాన్న అక్కడ ఒక్క క్షణం ఆగి, నా జడ సరిచేసి, "మన వేళకి మనం వచ్చాం, అడిగిందానికి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. ఇప్పటికీ ఏ తల్లిదండ్రులు అడిగినా నేను చెప్పే సలహాల్లో మొదటి వరసలో ఉండేది ఈ మాటే. మా బడి సర్టిఫికెట్టులో మతం దగ్గర క్రైస్తవులని రాసి ఉండేది. అది ఎలా వచ్చిందో వాళ్లు అడగకముందే నాన్న చెప్పేశాడు. తల్లి ఎవరు, తల్లికి తల్లి ఎవరు, ఇంట్లో ఏం వండుతారు, పస్కా పండుగ ఎలా చేస్తారు అని అడిగితే కొందరికి రోషం వస్తుంది, మమ్మల్ని అనుమానిస్తున్నారా అని. అది అనుమానం కాదు. వాళ్ల లెక్కలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది గనుక అడుగుతారు. తెలిసింది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. అల్లి చెప్పిన జవాబు కంటే తెలియదన్న జవాబే అక్కడ ఎక్కువ దూరం పోతుంది.

హెడ్‌మిస్ట్రెస్ మరాఠీ మాట్లాడే యూదుల ఆడపడుచు. తెల్లచీర, ముక్కు మీదికి జారిపోయే కళ్లజోడు. ఆవిడ ఇంగ్లీషులో అడిగితే నేను తెలుగులో నాన్నకు చెప్పడం, నాన్న తెలుగులో చెబితే నేను వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకు చెప్పడం. నిన్ననే రావలసినవాళ్లు ఇవాళ ఎందుకొచ్చారని అడిగింది. నాన్న ప్లాట్‌ఫారం సంగతంతా చెప్పాడు. ఆవిడ విని, కళ్లజోడు పైకి తోసుకుని, మెల్లిగా, తప్పు దిద్దే పంతులమ్మ గొంతుతో ఇలా అంది. దీపం వెలిగించిన స్త్రీకి మాత్రమే ఆ క్షణం నుంచి విశ్రాంతిదినం, మిగతా ఇంటివాళ్లకు పొద్దు గుంకేదాకా గడువుంది. మీరూ అమ్మాయీ సూర్యుడుండగానే ఎక్కి, సికింద్రాబాదులో శనివారం పొద్దు గుంకేదాకా కదలకుండా కూర్చుని, ఆపైన బొంబాయి బండి పట్టుకుని ఉంటే మా పెద్దలు తప్పుపట్టేవారు కాదు. మీరు అనవసరంగా ఆగిపోయారు. ఆ హాస్టల్ చోటు నిన్ననే వేరే పిల్లకు ఇచ్చేశాము.

ఆ మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా, తెలుగులో నాన్నకు చెప్పాను. ఆయన ముఖం ఒక్కసారి పాలిపోయి, మళ్లీ మామూలైంది.

"నువ్వు ఇలా చెప్పమ్మా," అన్నాడు. "ఇంటావిడ దీపం పెట్టాక ఆవిడకొక శనివారం, నాకొక శనివారం ఉంటుందని మాకు తెలియదండీ. ఇలాంటివి తెలియకే పిల్లను తీసుకొచ్చాను. అన్నీ తెలిస్తే మా ఊళ్లోనే ఉంచుకుందును. హాస్టల్ సంగతి వదిలేయండి. బడిలో కూర్చోవడానికి ఇంత చోటు ఇవ్వండి. పిల్ల ఎక్కడుంటుంది, ఏం తింటుంది అన్నది నేను చూసుకుంటాను."

నేను ఎంతవరకు సరిగా చెప్పగలిగానో గానీ, ఆవిడ చివరిదాకా విని, తన వాళ్ల కథ చెప్పింది. వాళ్ల పూర్వీకులు సముద్రపొడ్డు పల్లెల్లో గానుగ ఆడించే వాళ్లట. శనివారం గానుగ ఆపేవాళ్లే తప్ప ఎందుకు ఆపాలో చాలా తరాలు సగమే తెలుసట. ఎవరో వచ్చి మిగతా సగం నేర్పేదాకా ఆ ఆపడం ఒక్కటే వాళ్లను నిలబెట్టిందట. చెప్పి, రిజిస్టరు తెరిచి నా పేరు రాసుకుంది. హాస్టల్ మాట మాత్రం మార్చలేదు. దొరికింది బడిలో చోటే.

నాన్న ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. నన్ను వెంటబెట్టుకుని రేపల్లె వెళ్లి అమ్మతో చెప్పి, పొలం పనులు బాబాయికి అప్పగించి, తిరిగి వచ్చి అక్కడి ఒక సమాజమందిరంలో కావలి పనికి కుదిరాడు. మందిరం వెనక గదిలో మేమిద్దరం ఏడాదిపాటు ఉన్నాం. భాష రాని ఊళ్లో, పగలు ఆవరణ ఊడ్చి, సాయంత్రం నేను బడి నుంచి రాగానే నా పక్కన కూర్చుని, కుడి నుంచి ఎడమకు పోయే ఆ అక్షరాలను నాతోపాటు దిద్దేవాడు. పొలం గట్లకు అలవాటు పడ్డ ఆ వేళ్లు నొక్కేసరికి బలపం రోజుకొకటి విరిగేది. పిల్లను చేర్చడానికి వెళ్తున్నామని అనుకునే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. ఆ బడి పిల్లనొక్కదాన్నే చేర్చుకోదు, ఇంటిల్లిపాదినీ చేర్చుకుంటుంది. పిల్ల అక్కడ నేర్చుకున్నది సెలవులకు ఇంటికొచ్చి ఆచరించాలంటే వంటగది మారాలి, గిన్నెలు మారాలి, పాటలు మారాలి. మనం ఎలుగెత్తి పాడుకునే దేవుని నామాన్ని అక్కడ నోటితో పలకరు, భయభక్తులతో వేరే మాట వాడతారు. అది తెలియక మొదటి వారమే నేను అందరి ముందూ గొంతెత్తి పాడితే తరగతి మొత్తం పుస్తకాలు వదిలి నా వైపు తిరిగింది. పిల్లకు అలాంటి దినాలు వస్తాయి. అప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు నామోషీ పడకూడదు, పిల్లతోపాటు నేర్చుకోవాలి.

మరుసటి ఏడు నాకు హాస్టల్లో చోటు దొరికింది, నాన్న ఊరికి తిరిగి వచ్చాడు. దీపం పెట్టినవాళ్లకే ఆ గడియ వర్తిస్తుందని మందిరంలో అందరికీ ఆయనే వివరించి చెప్పాడు. కానీ తను మాత్రం బతికున్నంత కాలం, అమ్మ దీపం పెట్టాక గుమ్మం దాటలేదు. ఎవరైనా అడిగితే, "అప్పుడు తెలియక ఆగాను, ఇప్పుడు తెలిసి ఆగుతున్నాను" అనేవాడు.

నేను చదువు ముగించి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా మన పిల్లలకు ఆ అక్షరాలు నేర్పాను. ఇప్పుడు మా మందిరానికి పక్కా కప్పు ఉంది, ఆ అక్షరాలు తడుముకోకుండా చదివే పిల్లలున్నారు, పైవాడికి వందనాలు. అయితే లోకం నేను ఊహించని వైపు తిరిగింది. బొంబాయిలో ఆ రోజుల్లో యూదుల పిల్లలతో కిటకిటలాడిన అలాంటి బళ్లలో ఇప్పుడు మా విశ్వాసపు పిల్లలు తక్కువ, చుట్టుపక్కల ఇతర మతాల పిల్లలు ఎక్కువని వింటున్నాను. చాలా కుటుంబాలు ఇశ్రాయేలు దేశం వెళ్లిపోయాయి. ఆనాడు గుమ్మంలో నిలబడిన మమ్మల్ని మీరెవరని అడిగారు. ఈనాడు ఫోనులోనే పలకరించి, ఇంకెంతమంది పిల్లలున్నారు, పంపుతారా అని అడుగుతున్నారట. సంతోషించాలో దిగులుపడాలో నాకు తెలియడం లేదు. మేము ఒక చోటు కోసం అంత పెనుగులాడిన గదుల్లో ఇప్పుడు బల్లలు ఖాళీగా ఉన్నాయంటే, నాన్న నమ్మేవాడు కాదు.

అందుకే ఈ వయసులో నాకు మిగిలిన పని ప్రార్థన ఒక్కటే. చదువుతున్న మీరు ఏ మందిరానికి వెళ్లేవారైనా సరే, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, నీ మాట నేర్పే బడుల తలుపులు మూసుకుపోనివ్వకు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడని తండ్రులను, తెలిసిందాన్ని వదలని తల్లులను మా పల్లెల్లో ఇంకా పుట్టించు. ప్రయాణమయ్యే ప్రతి బిడ్డకూ నువ్వే ముందు నడువు. ఆమేన్ అని మీరు కూడా అనండి.